డౌట్ అంటే అవుననా, కాదనా: ఒక చైనీస్ లెర్నర్ కేసు

నేను సింగపూర్‌లో పెద్దవాళ్లకి ఇంగ్లీష్ చెప్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చైనా నుంచి ఉద్యోగం మీద వచ్చినవాళ్లు, పగలంతా డ్యూటీ చేసి సాయంత్రం క్లాసుకి కూర్చుంటారు. వాళ్లు చేసే తప్పుల్లో చాలావాటికి ప్రాణాపాయం ఏమీ ఉండదు. హీ అనాల్సిన చోట షీ అంటారు (మాట్లాడే చైనీస్‌లో రెంటికీ ఒకటే శబ్దం), భూతకాలం ఈడీ మింగేస్తారు, ఆర్టికల్స్ ఎగరగొడతారు, అయినా ఎదుటివాడికి విషయం అర్థమైపోతుంది. డౌట్ అనే క్రియ మాత్రం అలా కాదు. అది తప్పు పడితే వాక్యం గ్రామర్ పరంగా చక్కగా ఉంటుంది, అర్థం మాత్రం పూర్తిగా తిరగబడుతుంది, చదివినవాడికి తప్పు జరిగిందన్న సంగతే తెలియదు. ఈ కేసు రాసిపెట్టడానికి కారణం అదే.

నేపథ్యం

ఈమెని మిస్ ఎల్ అందాం. పేరు, ఊరు, సరుకు, కంపెనీ వివరాలన్నీ తీసేశాను, మెయిల్ వాక్యాలు కూడా ఆమెకి చూపించి, గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చి ఇస్తున్నాను. కెమిస్ట్రీ చదివింది. ఆహార పదార్థాల్లో కలిపే ముడిసరుకు తయారయ్యే చోట క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పని. గ్రామర్ గట్టిది, టెక్నికల్ పదాలు నాకంటే ఎక్కువ తెలుసు. రోజంతా రాసేది మెయిల్సే: గోడౌన్‌కి, ప్రొడక్షన్‌కి, బయటి దేశాల కస్టమర్లకి. గోడౌన్‌లో మనవాళ్లు, మలయ్ వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు కలిసి ఉంటారు కాబట్టి అందరికీ ఉమ్మడి భాష ఇంగ్లీషే.

ఆమె నా దగ్గరికి రావడానికి కారణం సూపర్‌వైజర్ అన్న ఒక మాట. "నీ మెయిల్స్ చదివితే ఏం చెయ్యమంటున్నావో అర్థం కాదు" అన్నాడట. ఆమె దాన్ని మర్యాద సమస్య అనుకుంది. ప్లీజ్, కైండ్లీ లాంటివి నేర్పమని అడిగింది.

అసలు గొడవ

మొదటి క్లాసులోనే గొడవకి కారణమైన మెయిల్ చూపించింది. కొన్ని డ్రమ్ముల మూతల దగ్గర తడి కనిపించింది, సీలు కారుతోందని ఆమెకి అనుమానం వచ్చింది, లోడింగ్ ఆపించాలని గోడౌన్‌కి రాసింది: "ఐ డౌట్ ద సీల్ ఈజ్ లీకింగ్."

గోడౌన్ ఇన్‌ఛార్జి దాన్ని ఇంగ్లీష్‌లో ఎలా చదవాలో అలాగే చదివాడు. సీలు కారుతోందని నేననుకోను, అని. సరే, క్వాలిటీ వాళ్లే కారట్లేదంటున్నారు కదా అని లోడ్ చేయించాడు. లారీ కదలకముందు మామూలుగా జరిగే చెకింగ్‌లో ఇంకొకరు పట్టుకున్నారు కాబట్టి సరుకు బయటికి పోలేదు. కానీ తర్వాత జరిగిన వాదన చూడాలి. నేను రాతపూర్వకంగా ఆపమన్నానని ఈమె, నువ్వు రాతపూర్వకంగా పంపమన్నావని ఆయన. సాక్ష్యంగా ఇద్దరూ చూపించింది ఒకే మెయిల్!

ఇది ఒక్క సంఘటనే అయితే నోరుజారడం లాంటిదని వదిలేసేవాణ్ణి. పాత మెయిల్స్ తెమ్మన్నాను. అందులో ఒక కస్టమర్ రాసింది ఉంది: తేమ శాతం రిజల్ట్ కరెక్టని మేం డౌట్ చేస్తున్నాం, అని. అంటే కరెక్ట్ కాదనుకుంటున్నాం, మళ్లీ టెస్ట్ చేయండి అని. ఈమె దాన్ని "కరెక్టే అయి ఉంటుందని వాళ్లు అనుకుంటున్నారు" అని చదివి హాయిగా ఫైల్ మూసేసింది. రాయడంలోనే కాదు, చదవడంలో కూడా అదే తిరకాసు. అక్కడ నాకు ఇది కేసు అనిపించింది.

ఇంకొకటి కూడా దొరికింది, దానికి బాధ్యత మనవాళ్లది. గోడౌన్‌లో ఇండియన్ కొలీగ్స్ ప్రశ్న అడగాల్సొచ్చినప్పుడల్లా "ఐ హావ్ ఎ డౌట్" అంటారు. మనకి చిన్నప్పటి నుంచి క్లాసులో చెయ్యెత్తి "సార్, డౌట్" అనే అలవాటు, అందులో తప్పేమీ కనిపించదు. ఈమె అది విని నేర్చుకుని ఒక యూరప్ కస్టమర్‌కి మీ స్పెసిఫికేషన్ మీద నాకు కొన్ని డౌట్స్ ఉన్నాయని రాసింది. అడగాలనుకున్నది రెండు ప్రశ్నలు. వాళ్లకి వినిపించింది మీ కాగితం మీద మాకు నమ్మకం లేదని. జవాబు బిగుసుకుపోయి వచ్చింది, వెనకాలే సర్టిఫికెట్లు.

ఎందుకిలా జరుగుతోంది

చైనీస్‌లో హ్వాయ్ యీ అనే ఒక్క క్రియ ఉంది. దానికి డిక్షనరీలో డౌట్ అనీ ఉంటుంది, సస్పెక్ట్ అనీ ఉంటుంది. అటు నుంచి చూసినా అంతే, డౌట్ కింద హ్వాయ్ యీ, సస్పెక్ట్ కింద కూడా హ్వాయ్ యీ. ఇంగ్లీష్‌లో ఈ రెండూ ఎదురెదురుగా నిలబడతాయి. జరిగిందని మనసు చెప్తే సస్పెక్ట్, జరగలేదని మనసు చెప్తే డౌట్.

చైనీస్ వాళ్లు మరి తమలో తాము ఎలా అర్థం చేసుకుంటున్నారు? హ్వాయ్ యీ తర్వాత వచ్చేదాన్ని బట్టి. ఒకరి సామర్థ్యం, ఒక రిపోర్ట్ లాంటి నామవాచకం వస్తే ఎక్కువగా నమ్మకం లేదనే అర్థం. పూర్తి వాక్యం వస్తే చాలావరకు అలా జరిగిందనే అనుమానం. ఆ వాక్యంలో షి ఫోవ్ అనో, నెంగ్ బు నెంగ్ అనో, అంటే అవునా కాదా, చేయగలడా లేదా అనే ప్రశ్న రూపం దూరితే మళ్లీ నమ్మకం లేకపోవడం.

తెలుగువాళ్లకి ఇది చెప్పడానికి ఇంత కష్టపడక్కర్లేదు, మన అనుమానం కూడా ఇదే బాపతు. "సీలు కారుతోందని అనుమానం" అంటే కారుతోందనే. "సీలు సరిగ్గా ఉందా అని అనుమానం" అంటే సరిగ్గా లేదేమోనని. "వాడు రావడం అనుమానమే" అంటే రాడనే. మాట ఒకటే, పక్కనున్న 'అని', 'ఆ అని', చివరి 'ఏ' కలిసి పని చేసిపెడతాయి. మనం తప్పు పడకపోవడానికి కారణం తెలివి కాదు, బళ్లో డౌట్, సస్పెక్ట్ ఎన్నోసార్లు చెవిన పడి ఉండటం. ఫ్రెంచ్‌లో కూడా దూతే అంటే నమ్మకపోవడం, దానికే ముందు ఒక చిన్న స అతికిస్తే అలాగే అయి ఉంటుందని ఊహించడం. కాబట్టి ఇది చైనీస్ వాళ్ల విడ్డూరమేమీ కాదు.

రెండో కారణం నాకు కొంచెం ఆలస్యంగా తట్టింది, నా దృష్టిలో అదే పెద్దది. ఇంగ్లీష్ వాళ్లు కాదు అనే మాటని వాక్యంలో ముందుకి లాగేస్తారు, వాడు వస్తాడని నేననుకోను అంటారు. చైనీస్ వాళ్లు, మనలాగే, వాడు రాడనుకుంటున్నాను అంటారు. వాళ్లకి కాదు అనేది ఎక్కువగా లోపలి వాక్యంలోనే ఉంటుంది. డౌట్‌లో ఏముంది? పైనున్న క్రియ కడుపులోనే ఒక కాదు దాక్కుని ఉంది, బయటికి ఎక్కడా నాట్ కనిపించదు. కాదుని లోపలి వాక్యంలో వెతికే అలవాటున్న మనిషికి అక్కడ ఏ కాదూ దొరకదు, దాంతో వాక్యాన్ని అవుననే చదివేస్తుంది. కస్టమర్ మెయిల్ విషయంలో జరిగింది సరిగ్గా ఇదే.

ఇంకో చిన్న ఆధారం. సస్పెక్ట్ అనే నామవాచకం, అంటే పోలీసులు అనుమానించే మనిషి, ఆమె ఎప్పుడూ తప్పు వాడలేదు. ఎందుకంటే చైనీస్‌లో దానికి శ్యెన్ యీ రెన్ అని వేరే మాట ఉంది. ఆమె భాషలో దారి విడిగా ఉన్నచోట తప్పు లేదు, కలిసిపోయినచోటే ఉంది.

ఏం చేసి చూశాం, ఏది పనిచేయలేదు

ముందు అందరూ చేసేదే. రెండు మాటలకీ అర్థం చెప్పడం, పక్కపక్కన ఉదాహరణలు. ఆమె తలూపింది, నోట్స్ రాసుకుంది, తిరిగి నాకే చక్కగా వివరించింది. వారం తిరక్కుండా అదే తప్పుతో మెయిల్. అర్థం చెప్పగలగడం వేరు, సాయంత్రం అయిదింటికి లోడింగ్ టెన్షన్‌లో మాట ఎంచుకోవడం వేరు. ఆ హడావుడిలో బుర్రలోకి ముందు హ్వాయ్ యీ వస్తుంది, దాని వెంట ఎన్నేళ్ల కిందటో నేర్చుకున్న మొదటి ఇంగ్లీష్ మాట, అంటే డౌట్, వచ్చేస్తుంది.

తర్వాత ఖాళీలు పూరించే అభ్యాసం. దాదాపు అన్నీ కరెక్ట్. నాకు సంతోషం వేయలేదు, ఎందుకంటే ఆ వాక్యాలు జవాబుని చేతికిచ్చేస్తాయి. దొంగతనం, పోలీసు, విషం కనిపిస్తే సస్పెక్ట్ పెట్టేస్తుంది. నిజం మెయిల్‌లో అలాంటి ఆనవాళ్లేవీ ఉండవు, వాక్యం ఇంకా పుట్టనే లేదు కదా.

ఆ ఆనవాళ్లనే సూత్రంగా చేద్దామనుకున్నాం. చెడ్డ విషయమైతే సస్పెక్ట్, మంచి విషయమైతే డౌట్. చాలామంది టీచర్లు ఇదే చెప్తారు, పుస్తకాల్లోనూ కనిపిస్తుంది, చెడు జరిగిందని అనుకునేటప్పుడే సస్పెక్ట్ ఎక్కువగా వాడతారు కాబట్టి కొంతదూరం నడుస్తుంది కూడా. మాకు కొన్ని రోజులు నడిచింది. ఆ తర్వాత ఆమె ప్రొడక్షన్‌కి రాసింది, ఈ బ్యాచ్ ఫెయిలవుతుందని సస్పెక్ట్ చేస్తున్నాను అని. అడిగితే, ఫెయిలవదనే ఆమె ఉద్దేశం. మరి సస్పెక్ట్ ఎందుకు? ఫెయిలవడం చెడ్డ విషయం కదా టీచర్, అంది. సూత్రం ప్రకారం ఆమె చేసింది నూటికి నూరు పాళ్లు సరైనదే. ఆ సూత్రం చూసేది విషయం మంచిదా చెడ్డదా అని, ఈ క్రియలు అడిగేది నువ్వు నమ్ముతున్నావా లేదా అని. రెండూ ఒకేవైపు పడినంతకాలం పనిచేస్తుంది, విడిపోయిన రోజు నిండా ముంచుతుంది. ఆ సూత్రం అక్కడితో మానేశాం.

ఈ దశలో ఇంకో పరిణామం. ఆమె రెండు మాటలూ వదిలేసి అన్నిటికీ మేబీ వాడటం మొదలుపెట్టింది. మేబీ సీలు కారుతోంది, మేబీ శాంపిల్ పాడైంది. తప్పులు సున్నా, నా దిద్దుబాట్లు సున్నా, పైకి చూస్తే ప్రోగ్రెస్. కానీ క్వాలిటీ ల్యాబ్ నుంచి వచ్చే మేబీతో గోడౌన్‌వాడు ఏం చేయాలి? సూపర్‌వైజర్ ఫిర్యాదు ఇంకా పెరిగింది. లెర్నర్ తప్పులు ఒక్కసారిగా ఆగిపోతే నేర్చుకుందని కాకుండా తప్పించుకుంటోందేమోనని ముందు చూడటం నాకు అలవాటు, ఇక్కడ అదే జరిగింది.

ఏది పనిచేసింది

మొదటి నిర్ణయం, డౌట్‌ని ఆమె మెయిల్స్ నుంచి కొంతకాలం నిషేధించడం. దీని మీద తోటి టీచర్ ఒకావిడ నాతో వాదించింది, మాటని దాచిపెడితే ఎలా నేర్చుకుంటుందని. నా లెక్క వేరు. రాసేటప్పుడు మాట ఎంపిక మన చేతిలో ఉంటుంది, డౌట్ లేకుండా జీవితమంతా మెయిల్స్ రాసుకోవచ్చు, ఐ డోంట్ థింక్ అంటే సరిపోతుంది, నాట్ పైకి కనిపిస్తుంది కూడా. చదివేటప్పుడు ఆ సౌకర్యం లేదు, ఎదుటివాడు డౌట్ అని రాస్తే అర్థం చేసుకుని తీరాలి. అందుకని రాయడంలో నిషేధం, చదవడంలో రోజూ సాధన. ఎవరి మెయిల్‌లో డౌట్ క్రియగా కనిపించినా దాన్ని కొట్టేసి పైన డోంట్ థింక్ అని రాసుకుని మళ్లీ చదవాలి. అంతే. ఇది త్వరగా కుదిరింది, ఎందుకంటే దాక్కున్న కాదుని చేత్తో బయటికి లాగుతోంది.

రెండోది, ఈ కేసులో నేను అందరికీ చెప్పాలనుకున్నది. ఇంగ్లీష్ మాటల్ని విడదీయడం ఆపేసి, చైనీస్ మాటని విడదీయించాను. ఆమెనీ, ల్యాబ్‌లో చైనీస్ కొలీగ్స్‌నీ అడిగి, వాళ్లు మామూలుగా చాట్‌లో రాసుకున్న హ్వాయ్ యీ వాక్యాలు, పేర్లు తీసేసి, తెమ్మన్నాను. పని ఒక్కటే: హ్వాయ్ యీ లేకుండా అదే సంగతి చైనీస్‌లోనే మళ్లీ చెప్పు. మొదట నవ్వింది, నా భాష నాకు నేర్పుతావా అన్నట్టు. తర్వాత ఆగింది. కొన్ని వాక్యాలు వో జ్వె ద, అంటే నాకు అనిపిస్తోంది, అయ్యాయి. కొన్ని వో బు థాయ్ శ్యాంగ్ శిన్, అంటే నాకంత నమ్మకం లేదు, అయ్యాయి. రెండు కుప్పలు. ఒకే మాట ఇన్నేళ్లూ రెండు పనులు చేస్తోందని ఆమె చూసుకోవడం అదే మొదటిసారి. నా చైనీస్ అంతంతమాత్రం కాబట్టి కుప్పలు సరిగ్గా పడ్డాయో లేదో ఆ భాష మాతృభాషగా ఉన్న ఒక టీచర్‌కి చూపించాను. రెండు మూడు వాక్యాలు ఎటూ తేలలేదు, ఆ టీచర్ కూడా ముందూ వెనకా చూడకుండా చెప్పలేనంది. వాటిని పక్కన పెట్టాం.

కుప్పలు పోశాక తేలిన విషయం ఇంకా ఉపయోగపడింది. ఆమె పనికి సంబంధించిన వాక్యాల్లో దాదాపు అన్నీ అనిపిస్తోంది కుప్పలోనే ఉన్నాయి. సహజమే, క్వాలిటీ వాళ్ల పనే ఎక్కడ తేడా ఉందో ఊహించడం. అంటే ఆమెకి రోజూ కావలసింది సస్పెక్ట్, చేతికి ముందు వచ్చేది డౌట్. సరిచేయాల్సింది అర్థాల్ని కాదు, వరసని. హ్వాయ్ యీ అనగానే మొదట సస్పెక్ట్ రావాలి.

కంగారులో ఉన్నప్పటికి ఒక చిన్న ప్రశ్న పెట్టుకున్నాం: పందెం కాయమంటే దేనిమీద కాస్తావు? కారుతోందన్న వైపు కాస్తే సస్పెక్ట్. కారట్లేదన్న వైపు కాస్తే ఐ డోంట్ థింక్. ఎటూ కాయలేకపోతే ఆ రెండూ రాయకూడదు, నాట్ షూర్ వెదర్ అని రాయాలి. ఈ మూడో దారి ఇవ్వడం ముఖ్యం, లేకపోతే నిజంగా తెలియని విషయాన్ని కూడా ఏదో ఒక వైపుకి తోసేస్తారు. ఆమె మేబీలు ఎక్కువగా తగ్గింది ఇక్కడే.

కొన్ని నెలలకి నిషేధం ఎత్తేశాం. ఈలోపు సస్పెక్ట్ తర్వాత నామవాచకం వచ్చే వాక్యాలు, ఒకరి ఉద్దేశాన్ని సస్పెక్ట్ చేయడం లాంటివి, నేను కావాలనే నేర్పలేదు. అక్కడ ఇంగ్లీషే మనల్ని మోసం చేస్తుంది, ఉద్దేశాన్ని సస్పెక్ట్ చేశానంటే నమ్మలేదని అర్థం, డౌట్‌కి పక్కింటికి వెళ్లి కూర్చుంటుంది. కొత్తగా కట్టిన గోడ ఆరకముందే దానిమీద ఎక్కించడం ఎందుకని ఆగాను. స్కాట్లాండ్ సంగతి మాత్రం చెప్పాను, అక్కడ "ఐ డౌట్ ఇట్స్ గోయింగ్ టు రెయిన్" అంటే వాన వచ్చేలా ఉందే అని. పాతకాలపు ఇంగ్లీష్‌లోనూ డౌట్‌కి భయపడటం, అనుమానించడం అనే అర్థాలు ఉండేవి. ఆమె చాలా సేపు నవ్వి, అయితే నా మెయిల్ స్కాటిష్ ఇంగ్లీష్ అని గోడౌన్‌కి చెప్పమంది.

వేరేవాళ్లకి పనికొచ్చేవి

ఇదే పద్ధతి బారో, లెండ్ దగ్గర కూడా వాడుతున్నాను. చైనీస్‌లో జ్యె అనే ఒక్క మాటకి తీసుకోవడం, ఇవ్వడం రెండూ వస్తాయి, సింగపూర్ వీధుల్లో వినిపించే "కెన్ బారో మీ యువర్ పెన్" వెనక ఉన్నది అదే. అక్కడ పని ఇంకా తేలిక, జ్యె గెయ్ అన్నారంటే అది ఇవ్వడమే, విడదీసే ముక్క వాళ్ల భాషలోనే సిద్ధంగా ఉంది. తెలుగు లెర్నర్లతో అనుమానాన్ని ఇలాగే విడదీయించి చూడొచ్చు. 'అని' వచ్చిందా, 'ఆ అని' వచ్చిందా అడిగితే చాలు.

నామవాచకంగా డౌట్ విషయానికి వేరే ఏర్పాటు చేశాం: అడగాల్సింది ఉంటే క్వశ్చన్ అనే రాయాలి, గోడౌన్‌లో మనవాళ్లు ఏమన్నా సరే. వాళ్లతో మాట్లాడేటప్పుడు ఐ హావ్ ఎ డౌట్ అంటే అంది, నేను వద్దనలేదు, అక్కడ అందరికీ అర్థమవుతుంది.

ఇంకా తేలనిది నో డౌట్. చైనీస్‌లో దాని సాటి మాటలు నూటికి నూరు శాతం ఖాయం అని చెప్తాయి. ఇంగ్లీష్‌లో నో డౌట్ చాలాసార్లు అయ్యుంటుందిలే అన్నంత బలహీనంగా ఉంటుంది. ఈమధ్య ఒక కస్టమర్, నో డౌట్ మీరు డ్రమ్ములు ఈపాటికి చెక్ చేసే ఉంటారు, అని రాశాడు. చెక్ చేశారో లేదో చెప్పండి అని మర్యాదగా పొడవడం అది. ఈమె తన మీద అంత నమ్మకం ఉందని మురిసిపోయి జవాబే ఇవ్వలేదు. ఇక్కడ పందెం ప్రశ్న పనిచేయదు, రాసినవాడు పందెం కాయట్లేదు, సమాధానం అడుగుతున్నాడు. ప్రస్తుతానికి నో డౌట్ తర్వాత యూ కనిపిస్తే దాన్ని ప్రశ్నగా చదివి జవాబివ్వమని చెప్పాను.